ఐదు వందల నాలుగుకి ఐదు వందల నాలుగు

"ఆరు నిమిషాలంటే ఆరు నిమిషాలే," అన్నాడు డిటెక్టివ్ గారి భర్త. ఆ మాట అనడం అది నాలుగోసారి. "ఏడో నిమిషంలో పచ్చసొన గులకరాయి అయిపోతుంది."

"పన్నెండు నిమిషాలు ఉడకని గుడ్డు నా నోట్లోకి రాదు," అంది ఆయన తల్లి, పళ్ళెం అవతలికి తోసేస్తూ. "పచ్చిగుడ్డు మింగడానికి నేనేమన్నా పామునా?"

"మధ్యస్తంగా తొమ్మిది పెడదాం నానమ్మా," అంది మనవరాలు ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

"అప్పుడు ఇద్దరికీ బాగుండదు. దాన్ని రాజీ అనరే, ఉమ్మడి శిక్ష అంటారు," అంది నానమ్మ.

పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ డిటెక్టివ్‌కి నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటి ముందుగదికి 'విచారణలు చేయబడును' అని బోర్డు వేలాడుతోంది. తప్పిపోయిన మనుషుల్ని, దొంగ సంతకాల్ని, మారిపోయిన పెట్టెల్ని పట్టుకుంది. పెళ్ళయిన నాటి నుంచీ నడుస్తున్న ఈ గుడ్ల కేసు మాత్రం ఆవిడ వల్ల తేలలేదు.

అంతలో గంట మోగింది. గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది.

గుమ్మంలో నలభై అయిదేళ్ళ మనిషి. చీర అంచున పసుప్పచ్చటి నూగు అంటుకుని ఉంది. చేతిలో అట్ట చిరిగిన నోటుబుక్కు. లోపలికి రమ్మంటే వచ్చింది గానీ, కూర్చోమంటే కూర్చోలేదు.

"గుడ్ల గురించి మాట్లాడాలమ్మా," అంది.

బల్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. భర్త ఆశగా ముందుకి వంగాడు. "చెప్పమ్మా, ఎన్ని నిమిషాలు?"

"ఇరవై ఒక్క రోజులండీ," అందామె.

ఆమెను అందరూ పెట్టమ్మ అంటారట. ఊరి చివర కోడిపిల్లల హేచరీలో పదకొండేళ్ళుగా పొదిగే మిషన్ చూసుకుంటోంది. డిటెక్టివ్ ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి ఒక్కొక్కటే అడిగింది.

"మొత్తం ఎన్ని గుడ్లు?"

"ఆరు వందలమ్మా. నిన్నటికి ఇరవై ఒక్క రోజులు నిండాయి. ఒక్క పిల్ల పెంకు పొడవలేదు."

"తప్పు మీదేనంటున్నారా?"

"మొదటి పద్దెనిమిది రోజులూ మూడు గంటలకోసారి పిడి లాగి ట్రేలు వంచాలి. వంచకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోతుంది. పగలు నేను, రాత్రి మా ఆయన. నేను వంచలేదట, అందుకే అన్నీ చచ్చాయట. పన్నెండు గంటలకి గుడ్లన్నీ గుంటలో పోసేస్తారమ్మా. నన్నూ పొమ్మంటారు. మేముండేది షెడ్డు వెనక రెండు గదులు. ఉద్యోగం పోతే అవీ పోతాయి."

"మీరేమంటారు? చచ్చాయా?"

"చావలేదు," అంది పెట్టమ్మ. "చల్లగా ఉన్నాయి. చల్లగా పొదిగితే పిల్ల ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది, అంతే. మొదటి వారం నుంచీ చెబుతూనే ఉన్నాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు."

"చల్లగా ఉన్నట్టు మీకెలా తెలిసింది?"

"కనురెప్పకి ఆనించి చూస్తానమ్మా. చేతికి తెలియని తేడా రెప్పకి తెలుస్తుంది."

నానమ్మ అదేదో తేలాల్సిందేనన్నట్టు గిన్నెలోంచి ఒక గుడ్డు తీసి, చన్నీళ్ళలో ముంచి అందించింది. పెట్టమ్మ దాన్ని కుడి రెప్పకి ఆనించి రెండు క్షణాలు ఊపిరి బిగబట్టింది. "ఇది నలభైకి కాస్త పైన."

మనవరాలు పరిగెత్తి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చింది. గుడ్డు పగలగొట్టి మధ్యలో గుచ్చింది. నలభై పాయింట్ ఆరు.

"ఎన్ని నిమిషాలు ఉడికిందో కూడా చెప్పగలదేమో అడగవే," అంది నానమ్మ.

డిటెక్టివ్ అప్పటికే చెప్పులేసుకుంటోంది. "నువ్వూ రావే," అంది కూతురితో. "కంప్యూటర్ సాక్ష్యం చెబుతోందట. దాని భాష నాకు రాదు."

కూతురు ఇంట్లోనే కూర్చుని ఎవరెవరికో ప్రోగ్రాములు రాసిపెట్టే ఉద్యోగం చేస్తుంది. స్కూటర్ తాళం తీసుకుని ముందు తనే బయటపడింది.

*

హేచరీ హాలు తలుపు దగ్గర డిటెక్టివ్‌కి ఎదురైన మొదటి మనిషే ఆవిడ రోజు పాడుచెయ్యడానికి చాలు. పోలీసు ఉద్యోగం మానేసి పెద్ద ఏజెన్సీ పెట్టుకున్న ఆయన్ని ఊరంతా స్టాప్‌వాచ్ అంటుంది. మెడలో తాడుకి అది వేలాడుతూనే ఉంటుంది. ఎవరైనా మాట్లాడ్డం మొదలుపెడితే నొక్కుతాడు.

"రండి మేడం," అన్నాడు పళ్ళన్నీ కనిపించేలా నవ్వి. "యజమాని నాకిచ్చిన కేసు నిన్న సాయంత్రమే అయిపోయింది. టీ మాత్రం మిగిలింది."

"టీ అయ్యాక కేసు చూస్తాలెండి సార్," అంది డిటెక్టివ్.

యజమాని చెడ్డమనిషిలా కనిపించలేదు. నిద్రలేక కళ్ళు ఉబ్బి, ఒక బొత్తాం తప్పి పెట్టుకున్న చొక్కాతో ఉన్నాడు. "నాకూ పెట్టమ్మంటే అభిమానమేనండీ," అన్నాడు. "కానీ ఒంటిగంటకి కొత్త గుడ్ల బండి వస్తుంది. మిషన్ ఖాళీ చేసి కడగాలి. చచ్చిన గుడ్లు వేడిలో ఉంచితే పేలతాయి, హాలంతా పాడవుతుంది."

"చల్లబడి ఆలస్యమయ్యాయేమోనని మీకు అనిపించలేదా?"

"ముప్ఫై ఏళ్ళ అనుభవమండీ, అనిపించకుండా ఉంటుందా? చల్లబడ్డాయని తెలిస్తే నేనే ఇంకో రెండు రోజులు ఆగేవాణ్ణి. కానీ చల్లబడలేదే! అదిగో రిపోర్టు."

బీరువా అంత మిషన్. ముందు చిన్న గాజు కిటికీ. దాని మీద వేడి చూపించే ముల్లు ముప్ఫై దగ్గర తుప్పుపట్టి ఆగిపోయి ఉంది. పక్కన గోడకి కంప్యూటర్ తెర. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు: ఉండవలసిన వేడి 37.2 నుంచి 37.8 వరకు. హద్దుల్లో ఉన్న రీడింగులు: 504లో 504.

"ఆ ముల్లు?"

"రెండేళ్ళయింది పాడై. కంప్యూటర్ పెట్టించాక ఇంకెందుకులే అని వదిలేశాను. లోపల చిన్న సెన్సర్ ఉందండీ. గంటకోసారి వేడి చూసి పంపిస్తుంది. రోజుకి ఇరవై నాలుగు, ఇరవై ఒక్క రోజులకి ఐదు వందల నాలుగు. అన్నీ హద్దుల్లోనే. ఒక్కటి తప్పలేదు."

"అంటే మిషన్ నిర్దోషి," అందుకున్నాడు స్టాప్‌వాచ్. "మిషన్ తప్పు కానప్పుడు మనిషి తప్పే. ట్రేలన్నీ వంచడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు పడుతుంది, నేను వంచి చూశాను. ఈమె నోటుబుక్కులో టిక్కులు చూడండి, అన్నీ ఒకే పెన్నుతో. ఒక్కసారే కూర్చుని పెట్టేసింది."

"నా దగ్గర ఉన్నదే ఒక పెన్నయ్యా," అంది పెట్టమ్మ.

డిటెక్టివ్ నోటుబుక్కు తీసుకుని ఆరేడు పేజీలు వేలితో తడిమింది. కొన్ని టిక్కులు కాగితం చిరిగేంత గట్టిగా, కొన్ని గాలికి పెట్టినట్టు ఉన్నాయి. నాలుగో రోజు పేజీ మీద నూనె మరక. పదకొండో రోజు పేజీ తడిసి ఎండి ముడతలు పడింది, దాని మీద సిరా మాత్రం చెదరలేదు. "ఈ పేజీ తడిసి ఆరాక టిక్కులు పడ్డాయి. పక్క పేజీలో టిక్కులు పడ్డాక తడి తగిలి అలుక్కుపోయాయి. ఒక్కసారే కూర్చుని పెడితే రెండూ ఎలా కుదురుతాయి సార్?"

స్టాప్‌వాచ్ ముఖం కొద్దిగా బిగిసింది. "పేజీలు వదిలెయ్యండి. నా దగ్గర గట్టి ఆధారం ఉంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈమె అసలు హాల్లోనే లేదు. పక్క షెడ్డులో ముగ్గురు చూశారు. మూడింటికి వంచాల్సిన ట్రేలు ఎవరు వంచారు?"

"ఎవరూ వంచలేదు," అంది పెట్టమ్మ తడుముకోకుండా. "నాలుగూ పదికి వంచాను. అప్పటిదాకా నన్ను రానివ్వలేదుగా, మెకానిక్ ఫ్యాన్ మారుస్తున్నాడు."

"అవునవును," అన్నాడు యజమాని. "ఆ రోజు ఫ్యాన్ మార్పించాను. రెండు గంటలు పట్టింది."

డిటెక్టివ్ టీ కప్పు కింద పెట్టింది. "ఫ్యాన్ మార్చేటప్పుడు మిషన్ నడుస్తూనే ఉందా?"

"నడుస్తుంటే చెయ్యి తెగదూ! ఆపేశాం."

"తలుపు?"

"బార్లా తెరిచే ఉంచాం, లేకపోతే ఫ్యాన్ పట్టదు."

"రెండు గంటలు మిషన్ ఆపి, తలుపు బార్లా తెరిచారు," అంది డిటెక్టివ్ నెమ్మదిగా. "లోపల సెన్సర్ గంటకోసారి వేడి చూస్తూనే ఉంది. తొమ్మిదో రోజు రిపోర్టు ఒకసారి చూపించండి."

యజమాని రెండు మీటలు నొక్కాడు. ఆకుపచ్చ అక్షరాలు మారాయి. హద్దుల్లో ఉన్న రీడింగులు: 24లో 24.

అక్కడున్న అయిదుగురూ ఆ అంకె వైపు చూశారు. అది ఆకుపచ్చగా, అమాయకంగా వెలుగుతోంది.

"తలుపు తీసిన బీరువాలో ముప్ఫై ఏడున్నర డిగ్రీలట," అంది డిటెక్టివ్. "ధన్యవాదాలు సార్. మీరు పెట్టమ్మని పట్టుకుందామని తవ్విన గంటలోనే అసలు అబద్ధాలకోరు దొరికింది."

స్టాప్‌వాచ్ తెర దగ్గరికి వంగి ఆ అంకెని మళ్ళీ చదివాడు.

గడియారం పదకొండూ పది.

*

కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఈ తెర మీద కనిపించేది లెక్క మాత్రమే అమ్మా. ఆ లెక్క దేని మీద కట్టారో, ఆ రీడింగులు వెనకెక్కడో ఉండాలి." వెతకడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. స్టాప్‌వాచ్ కొలిచాడు గనక ఆ సంగతిలో అనుమానం లేదు.

దొరికాయి. పొడుగాటి వరస, ఒకదాని పక్కన ఒకటి. 36.6, 36.8, 36.5, 37.2, 36.7...

"తొమ్మిదో రోజువి చదువు," అంది డిటెక్టివ్, పెన్సిలు తీసి.

"మధ్యాహ్నం ఒంటిగంటకి 36.7. రెండింటికి 35.9. మూడింటికి 29.4. నాలుగింటికి 28.8."

యజమాని కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపి తడిమాడు. "అంటే సెన్సర్ నిజమే చెబుతోందా?"

"సెన్సర్ పాపం మొదటి గంట నుంచీ నిజమే చెబుతోందండీ. లెక్కపెట్టేవాడే వినడం లేదు." కూతురు తెర మీద ఇంకో కిటికీ తెరిచింది. "జావాస్క్రిప్ట్‌ అనే కంప్యూటర్ భాషలో రాశారు. లెక్కంతా ఈ ఒక్క లైనులో ఉంది."

readings.filter(t => 37.2 <= t <= 37.8).length

డిటెక్టివ్ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఇందులో తప్పేముందే? ముప్ఫై ఏడు పాయింట్ రెండుకి తగ్గకుండా, ముప్ఫై ఏడు పాయింట్ ఎనిమిదికి మించకుండా. బళ్ళో మాకూ ఇలాగే నేర్పారు."

"కాగితం మీదయితే రైటే. జావాస్క్రిప్ట్ ఎడమ నుంచి ఒక్కో ముక్కా తేల్చుకుంటూ వస్తుందమ్మా. మొదట, ఈ వేడి 37.2కి తగ్గకుండా ఉందా అని అడుగుతుంది. జవాబు అవును, లేకపోతే కాదు. అంతటితో ఆ వేడి సంగతి మర్చిపోతుంది. రెండో ప్రశ్న వేడిని కాదు, ఆ జవాబుని అడుగుతుంది. దాని లెక్కలో అవును అంటే ఒకటి, కాదు అంటే సున్నా. ఒకటి 37.8కి మించలేదు కదా? మించలేదు. సున్నా మించలేదు కదా? అదీ మించలేదు. ఏ వేడి వచ్చినా లోపలికే. మంచుముక్క పెట్టినా, నిప్పుకణిక పెట్టినా."

యజమాని ఇంకా తెల్లబోయి చూస్తున్నాడు. డిటెక్టివ్ అర్థం చేసుకుని తన భాషలోకి మార్చింది. "కూర రుచి చూసి ఉప్పు ఉందన్నాం. ఉప్పు ఎక్కువైందా అని చూడాలంటే మళ్ళీ కూరే నోట్లో వేసుకోవాలి. ఇదేమో, 'ఉంది' అన్నామే, ఆ మాటని నాలిక మీద పెట్టుకుని, ఉప్పగా లేదులే అనుకుంటోంది. అంతేనా?"

"అంతే! రెండు ప్రశ్నలూ వేడినే విడివిడిగా అడగాలి. రెండింటికీ అవునంటేనే లెక్కలోకి." కూతురు వేళ్ళు చకచకా కదిలాయి.

readings.filter(t => t >= 37.2 && t <= 37.8).length

మీట నొక్కింది. తెర మీద ఆకుపచ్చ అంకె ఒక్కసారి రెపరెపలాడింది.

504లో 41.

"నలభై ఒకటా!" యజమాని లేచి నిలబడ్డాడు. "మిగతావన్నీ చల్లగానే... సగటున ఎంతుంది?"

"36.6."

"ఉండాల్సిన దానికి దాదాపు ఒక డిగ్రీ తక్కువ," అన్నాడు యజమాని తనలో తను. తర్వాత అరిచినంత పని చేశాడు. "ఇరవై రెండో రోజు మధ్యాహ్నానికి గానీ రావు! రావలసిన టైమే కాలేదు! పెట్టమ్మా!"

కానీ పెట్టమ్మ అక్కడ లేదు. మిషన్ దగ్గరికి వెళ్ళి ఫ్యాన్ మీట ఆపేసింది. ఇరవై రెండు రోజులుగా హాల్లో మోగుతున్న రొద ఒక్కసారిగా ఆగింది. ఆమె తలుపు జానెడంత తెరిచి, చెవి పెట్టి, వేలు పెదాల మీద ఉంచింది.

ఎవరూ కదల్లేదు. యజమాని జేబులో తాళాలు గలగలమంటే డిటెక్టివ్ ఆయన చెయ్యి పట్టుకుంది.

టక్.

చాలా చిన్న శబ్దం. గోటితో గాజు మీద మీటినట్టు. తర్వాత ఇంకో మూల నుంచి మరొకటి. ఆ తర్వాత ఎక్కడి నుంచో, పెంకు లోపలి నుంచే, సన్నగా, కోపంగా ఒక కూత.

"'ఎవర్రా నేను చచ్చానన్నది?' అంటోంది," అంది పెట్టమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలిసినట్టు లేదు.

నాలుగో ట్రేలో ఒక గుడ్డు పెంకు నక్షత్రంలా పగిలింది. చిన్న ముక్కు బయటికొచ్చి, గాలి రుచి చూసి, మళ్ళీ లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. ఈసారి దాని వెనక తడిసి ముద్దయిన, లోకంలోకెల్లా అందవికారంగా ఉన్న ఒక చిన్న ప్రాణి మెడ సాచింది.

క్లిక్ మని చప్పుడైంది. స్టాప్‌వాచ్ తన గడియారం నొక్కుకుని ఉన్నాడు. "పదకొండూ యాభై రెండు," అన్నాడు గొణుగుతున్నట్టు. అందరూ తన వైపు చూసేసరికి చెవులు ఎర్రబడ్డాయి. "రికార్డు కోసం."

"రాసుకోండి సార్," అంది డిటెక్టివ్. "మీ రిపోర్టులో ఒక్క ముక్క నిజమైనా ఉండాలిగా."

ఆయన కాసేపు కిటికీలోకి చూసి, అనుకోకుండా నవ్వేశాడు. "ఇంకోటి పగులుతోంది మేడం, అటు పక్కకి చూడండి."

యజమాని కొత్త గుడ్ల బండివాళ్ళకి ఫోన్ చేసి, సరుకు మూడు రోజులు చల్లగదిలో ఉంచుతానని చెప్పాడు. ఆయన పెట్టమ్మ ఎదుటికి వచ్చి నిలబడి క్షమాపణ చెప్పబోతే, ఆమె వినిపించుకునే తీరికలో లేదు. "అడ్డం లేవండి బాబుగారూ, తలుపు మూయాలి, పిల్లలకి చలి," అని ఆయన్ని భుజంతో పక్కకి నెట్టేసింది. ఆయన సంతోషంగా పక్కకి జరిగాడు.

"ఇంతకీ ఆ లైను ఎవడు రాశాడు?" అన్నాడు స్టాప్‌వాచ్. "వాణ్ణి పట్టుకోవాలి."

కూతురు అప్పటికీ కంప్యూటర్ ముందే ఉంది. ఆ తప్పుడు లైను పైన, ప్రోగ్రాములు రాసేవాళ్ళు గుర్తు కోసం పెట్టుకునే చిన్న వాక్యం ఒకటుంది. దాని మీద నిలిచిన చూపు తిప్పలేదు. పేజీ అడుగుభాగాన ఏదో చూసి, ఫోన్‌తో ఫొటో తీసుకుంది.

దారిలో స్కూటర్ మీద ఆ పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. ఎప్పుడూ ప్రతి మలుపు దగ్గరా ఎవర్నో ఒకర్ని తిట్టేది. డిటెక్టివ్ అడగలేదు. సాక్షి తనంతట తాను నోరు విప్పబోతుంటే మధ్యలో ప్రశ్న వెయ్యకూడదని ఆవిడకు ఇరవై ఏళ్ళుగా తెలుసు.

*

ఒంటిగంటన్నరకి భోజనాల బల్ల చుట్టూ నలుగురూ చేరారు. నానమ్మ పిల్లలెన్ని పుట్టాయో మూడుసార్లు అడిగింది. వచ్చేసరికి పదిహేడు, సాయంత్రానికి వందలు అని డిటెక్టివ్ చెప్పగానే, తానే పొదిగినంత గర్వంగా వెనక్కి వాలింది. భర్త స్టాప్‌వాచ్ చెవులు ఎర్రబడ్డ ముక్క మళ్ళీ చెప్పించుకుని మళ్ళీ నవ్వాడు.

కూతురు అన్నం కలపకుండా కూర్చుంది. చేతిలో ఫోన్ ఉంది. ఇంటికి రాగానే పెరట్లోకి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చింది.

"నాన్నా, నానమ్మా, ఒక మాట చెప్పాలి," అంది. గొంతు పెద్దగా లేదు. అయినా ముగ్గురి చేతులూ ఆగాయి. "ఆ లైను రాసింది నేనే."

"ఆ హేచరీకా?" అన్నాడు తండ్రి.

"వాళ్ళకి కాదు. కాలేజీలో ఉన్నప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరో అడిగారు, వరసలో ఉన్న అంకెల్లో ఈ హద్దుల మధ్య ఎన్నున్నాయో ఎలా లెక్కపెట్టాలని. అందరికంటే ముందు నేనే జవాబు పెట్టాను, రెండు నిమిషాల్లో. పరీక్షించింది కూడా అన్నీ హద్దుల్లో ఉన్న అంకెలతోనే. సరిగ్గా వచ్చిందని మురిసిపోయాను. పైన నేను రాసిన వాక్యం కూడా అలాగే ఉంది, 'లోపలున్నవాళ్ళకే హాజరు' అని. హేచరీకి ప్రోగ్రాం అమ్మినవాళ్ళు దాన్ని అక్కడి నుంచి ఎత్తి పెట్టుకున్నారు."

నానమ్మ మనవరాలి వీపు మీద చెయ్యి వేసింది. "పిల్లలు పుట్టారుగా తల్లీ. అయిపోయింది."

"అవలేదు నానమ్మా." ఫోన్ బల్ల మధ్యలో పెట్టింది. రిపోర్టు పేజీ అడుగున ఆ కంపెనీ గొప్పగా వేసుకున్న జాబితా, తమ ప్రోగ్రాం వాడుతున్న చోట్లు. డిటెక్టివ్ కళ్ళు వరసగా కిందికి దిగాయి. ఇంకో రెండు హేచరీలు. పూల గోదాము. పాల కేంద్రం. ఏడో పేరు దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. పిల్లల ఆసుపత్రి, టీకాల ఫ్రిజ్.

"ఫోన్ చేశావా?" అంది డిటెక్టివ్.

"మొదట అక్కడికే చేశాను. విడిగా థర్మామీటరు పెట్టి చూసేదాకా ఒక్క సీసా కూడా బయటికి తియ్యొద్దన్నాను. నర్సు, వాళ్ళ రిపోర్టు ఏడాదిగా నూటికి నూరు ఉందంది. అందుకే తియ్యొద్దంటున్నానన్నాను. మీరెవరు అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"రాసిన మనిషిని అన్నాను. ఫ్రిజ్‌కి తాళం వేసి నా కోసం చూస్తానంది." కూతురు లేచి, స్కూటర్ తాళం తీసుకుంది. ముఖంలో భయం ఉంది గానీ తడబాటు లేదు. "ఆఫీసుకి సెలవు చెప్పాను. ఈ హేచరీ పోగా ఇంకా పదమూడు చోట్లున్నాయి. అన్నిటికీ నేనే వెళ్తాను. తప్పు నాదని చెప్పి, దిద్ది వస్తాను. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు."